పీపా ఉన్న చోటికే వెళ్ళాలి: ఫ్రాంకోనియా పల్లె బీర్ల దారిలో

జర్మనీ బీరు అంటే మనవాళ్ళందరూ మ్యూనిక్ పేరే చెబుతారు. అక్టోబర్‌ఫెస్ట్, లీటరు గ్లాసులు, పెద్ద పెద్ద గుడారాలు. నన్నడిగితే మాత్రం మ్యూనిక్‌లో ఆగకుండా రైలెక్కి న్యూరెంబర్గ్ దాటి రమ్మంటాను. బవేరియా ఉత్తరభాగంలోని ఫ్రాంకోనియాలో, ముఖ్యంగా దాని ఎగువ జిల్లాలో, సుమారు 160 బ్రూవరీలున్నాయి. జనాభా పది లక్షల పైచిలుకు మాత్రమే. వీటిలో చాలావాటి బీరు పక్క జిల్లాకు కూడా పోదు. వెనక గదిలో కాస్తారు, ముందు గదిలో అమ్ముతారు. వడపోత ఉండదు, పాశ్చరైజేషన్ ఉండదు, ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. ఈతచెట్టు కింద ముంతలో పోయించుకున్న కల్లుకీ, సీసాలో పట్నం చేరిన కల్లుకీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడి బీరుకీ అంతే తేడా. అందుకే దాని దగ్గరికి మనమే వెళ్ళాలి.

సెప్టెంబరు మొదటి వారం ఎంచుకున్నాను. ఆరుబయట కూర్చునే తోటలు అప్పటికింకా మూయరు, వేసవి రద్దీ కాస్త తగ్గుతుంది. ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది తోడొచ్చాడు. అతను మందు ముట్టడు, మాంసం తినడు. ఈ ప్రయాణానికి అంతకన్నా మంచి తోడు దొరకదు. ఎందుకో శనివారం దగ్గరికొచ్చాక చెబుతాను.

బుధవారం, బాంబెర్గ్

సాయంత్రం బాంబెర్గ్ స్టేషన్‌లో దిగాం. పట్టాల దగ్గర్లోనే వైయర్మన్ మాల్ట్ కంపెనీ ఎర్ర ఇటుకల భవనాలు కనిపిస్తాయి. 1879లో పుట్టిన కంపెనీ. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, రకరకాల రంగుల్లో వేయించి ప్రపంచమంతటికీ పంపుతుంది. మన దేశంలోని చిన్న బ్రూవరీల్లో కూడా ఆ పేరున్న సంచులు కనిపిస్తాయి. అంటే మన నగరాల్లో తాగే క్రాఫ్ట్ బీరులో కొంత ఈ ఊళ్ళోనే మొదలవుతుందన్నమాట.

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఒబెరె కోనిగ్‌ష్ట్రాస్సె అనే వీధి వస్తుంది. అక్కడ ఒకదానికొకటి ఎదురుగా రెండు బ్రూవరీలు: ఇటు ష్పెత్సియాల్ (1536), అటు ఫెస్లా (1649). నా సలహా, మొదటి రాత్రి ష్పెత్సియాల్‌కే వెళ్ళండి. బాంబెర్గ్ ప్రత్యేకత పొగబీరు, రౌఖ్‌బీర్. అందరూ నేరుగా పేరుమోసిన ష్లెంకెర్లాకు పరుగెత్తి, మొదటి గుక్కకే ముఖం చిట్లించి, మళ్ళీ దాని జోలికి పోరు. ష్పెత్సియాల్ లాగర్‌లో (లాగర్ అంటే చల్లదనంలో మాగబెట్టే రకం బీరు) పొగ నెమ్మదిగా ఉంటుంది. ముందు మాల్ట్ తీపి తగులుతుంది, పొగ మింగాక వస్తుంది. రాగిరంగు, పైన గట్టి నురగ. అరలీటరు గ్లాసు పూర్తయ్యేసరికి నాలుక దానికి అలవాటుపడుతుంది. పొగ మాల్ట్‌ను ఇప్పటికీ సొంతంగా తయారుచేసుకుంటున్న రెండు పాత ఇళ్ళలో ఇదొకటి.

తర్వాత వీధి దాటి ఫెస్లాలోకి వెళ్ళాం. ఇక్కడ పొగ ఉండదు. లోపలికి వెళ్ళే నడవలోనే ఊరివాళ్ళు నిలబడి తాగుతారు. కిటికీలోంచి గ్లాసు తీసుకుని, డబ్బిచ్చి, గోడకానుకుని కబుర్లు చెప్పుకుంటారు. త్స్వెర్గ్‌లా అనే ముదురురంగు బీరులో ఆల్కహాలు 6 శాతం ఉంటుంది, కాస్త తీపి, కాస్త వేయించిన వాసన. ఒకటి చాలు. మా బావమరిది ఆపిల్ రసంలో సోడా కలిపింది తెప్పించుకుని నడవలోనే నిలబడ్డాడు. పక్కనున్న పెద్దాయన అతని గ్లాసుకీ తన గ్లాసు తాకించి “ప్రోస్ట్” అన్నాడు. తాగని మనిషికి కూడా ఇక్కడ అంత చోటుంటుంది.

గురువారం, ష్లెంకెర్లా, వుండెర్‌బుర్గ్

బాంబెర్గ్ పాతబస్తీ 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాలు, నాలుగు శిఖరాల కెథెడ్రల్, అందులోని గుర్రపురౌతు శిల్పం, అన్నీ పొద్దున్నే చూసేశాం. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పదకొండింటికల్లా ష్లెంకెర్లాలో బల్ల పట్టుకున్నాం. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటి పత్రాల్లోనే ఉంది. నల్లబడ్డ దూలాలు, తోమి తోమి తెల్లబడ్డ బల్లలు. బీరు చెక్కపీపా లోంచి దాని బరువుకే గ్లాసులోకి జారుతుంది. గ్యాసుతో నెట్టడం ఉండదు. మేర్ట్‌సెన్ అనే ఈ బీరు 5.1 శాతం. రంగు దాదాపు నలుపు, వెలుతురుకు పట్టుకుంటే ఎరుపు.

గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే పొగ కొడుతుంది. హామ్ (పొగబెట్టిన పందిమాంసం) వాసన అని చాలామంది అంటారు, అందులో తప్పులేదు. ఇక్కడ మాంసాన్ని పొగబెట్టేదీ, ఈ మాల్ట్‌ను ఆరబెట్టేదీ ఒకే రకం కట్టెతో, బీచ్ కలపతో. ఒకప్పుడు ఐరోపాలో మాల్ట్‌ను కట్టెల మంట మీదే ఆరబెట్టేవారు కాబట్టి చాలా బీర్లలో ఎంతో కొంత పొగ ఉండేది. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాక అది ఒక్కో ఊళ్ళో మాయమవుతూ వచ్చింది. మిగతావాళ్ళు వదిలేసినదాన్ని ఈ ఊళ్ళో ఒకటి రెండు ఇళ్ళు వదల్లేదు. మనం ఇప్పుడు వింతగా చూస్తున్నది ఒకనాటి మామూలు రుచే.

మూడో గ్లాసు దాకా ఈ బీరు మీద తీర్పు చెప్పకూడదని అక్కడివాళ్ళ మాట. నాకు రెండో గ్లాసు సగంలోనే పొగ వెనక్కి జరిగి, కింద ఉన్న మాల్ట్, హాప్స్ అనే పూల చేదు పైకొచ్చాయి. తీపి నిలవదు, చివర్లో నోరు పొడిగా, శుభ్రంగా అవుతుంది. తిండితో కలిపి తాగితే ఇంకా బాగుంటుంది. బాంబెర్గ్ ఉల్లిపాయ అని ఒక వంటకం ఉంది. పెద్ద ఉల్లిపాయను తొలిచి, మాంసం కైమా కూరి, పొగబీరు పులుసుతో పెడతారు. శాకాహారులకు గెరుప్‌ఫ్టెర్ దొరుకుతుంది. మెత్తటి చీజ్‌లో వెన్న, ఉల్లి, మిరపపొడి కలిపి పిసికినది, నల్లరొట్టెతో తినాలి. మా బావమరిది అదే తిన్నాడు, మళ్ళీ ఇంకో పళ్ళెం అడిగాడు.

అక్టోబరులో వెళ్ళేవాళ్ళకు ఇక్కడే ఊర్‌బాక్ అనే 6.5 శాతం బీరు దొరుకుతుంది. క్రిస్మస్ ముందు ఓక్ కట్టెతో ఆరబెట్టిన మాల్ట్‌తో చేసే 8 శాతం బీరు వస్తుంది. ఓక్ పొగ బీచ్ కన్నా మెత్తన. సీసాలో ఇంటికి తీసుకెళ్ళదగ్గ బీరు ఈ ప్రాంతం మొత్తంలో ఏదైనా ఉందంటే ఈ ఇంటిదే. పొగా బలమూ రెండూ ఉండటంతో ప్రయాణాన్ని తట్టుకుంటుంది.

మధ్యాహ్నం నడక వుండెర్‌బుర్గ్ పేటకు. పర్యాటకులు ఇటు తక్కువ వస్తారు, నాకు మాత్రం బాంబెర్గ్‌లో ఎక్కువ నచ్చింది ఈ పేటే. ఇక్కడ కూడా రోడ్డుకి అటొకటి ఇటొకటి బ్రూవరీలు: మార్స్ (1670), కేస్మన్ (1867). మార్స్‌లో “ఆ ఊ” అంటే చాలు, గ్లాసు వచ్చేస్తుంది. ఊ అంటే ఉన్‌గెష్‌పుండెట్, బిరడా బిగించకుండా మాగబెట్టిన బీరు. బిరడా వదులుగా ఉంటే పులిసేటప్పుడు పుట్టే గ్యాసు చాలావరకు బయటికి పోతుంది. అందుకే ఇది బుసబుసమనదు, కడుపు ఉబ్బించదు. కాస్త మసకగా, నారింజరంగు కలిసిన రాగిరంగులో ఉంటుంది. రొట్టె వాసన, తేనె ఛాయ, చివర్లో హాప్స్ పచ్చిదనం. ఈ ప్రయాణం మొత్తంలో ఒకే ఒక్క బీరు ఎంచుకోమంటే నేను ఈ “ఊ” పేరే చెబుతాను. వడపోయని బీరు అంటే ఏమిటో ఎవరికైనా ఒక్క గ్లాసుతో చూపించాలంటే కూడా ఇదే.

ఎదురుగా ఉన్న కేస్మన్ దానికి పూర్తిగా విరుద్ధం. హెర్రెన్ పిల్స్ అనే బీరు లేతగా, నిర్మలంగా, ఎండుగడ్డి వాసనతో ఉంటుంది. బాగుంది. అయినా వీధి దాటి మళ్ళీ మార్స్ తోటలోకే వెళ్ళి కూర్చున్నాం.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. నీరు, బార్లీ, హాప్స్ తప్ప బీరులో ఇంకేదీ వేయకూడదన్న బవేరియా 1516 శాసనం ప్రపంచ ప్రసిద్ధం. బాంబెర్గ్‌లో అలాంటి శాసనం 1489లోనే వచ్చింది, ఇక్కడి బిషప్ పాలనలో. ఈ ఊరు ఆ రోజుల్లో బవేరియాలో లేదు, వేరే రాజ్యం. ఈ సంగతి చెప్పేటప్పుడు ఊరివాళ్ళ ముఖంలో కనిపించే గర్వం నాకెంతో నచ్చుతుంది.

శుక్రవారం, ఫోర్ఖ్‌హైమ్

బాంబెర్గ్ నుంచి న్యూరెంబర్గ్ వైపు రైల్లో అరగంట కూడా పట్టదు. ఊరి పక్క కొండ మీద కెల్లెర్‌వాల్డ్ అనే అడవి ఉంది. చెట్ల కింద బల్లలు, బల్లల వెనక కొండలోకి తొలిచిన సొరంగాలు. లాగర్ బీరు చల్లదనంలోనే పులవాలి, చల్లదనంలోనే నెలల తరబడి మాగాలి. 1870లలో శీతలయంత్రాలు రాకముందు ఆ చల్లదనం దొరికేది భూగర్భంలోనే. అందుకే ఇసుకరాతి కొండను తొలిచారు, పైన నీడ కోసం చెట్లు పెంచారు. వేసవిలో జనం పీపా దగ్గరికే వచ్చి ఆ చెట్ల కింద కూర్చోవడం మొదలుపెట్టారు. బీరుతోట అనే ఆలోచన పుట్టింది అలా.

ఈ కొండ మీద 1840 నుంచి ఏటా జులై చివర్లో అన్నాఫెస్ట్ జరుగుతుంది. మేం వెళ్ళేసరికి అది అయిపోయి నెల దాటింది, తెరిచి ఉన్నవి కొన్నే. జాతరలో ఇసకేస్తే రాలని చోట ఇప్పుడు ఆకుల చప్పుడు వినొచ్చు. ఫోర్ఖ్‌హైమ్‌లో నెడెర్, హెబెన్‌డాంత్స్, గ్రైఫ్, ఐఖ్‌హోర్న్ అని నాలుగు బ్రూవరీలున్నాయి. ఊళ్ళోని నెడెర్‌లో పీపా లోంచి ఇచ్చిన ఎక్స్‌పోర్ట్ అనే రకం బీరు, మాల్ట్ నిండుగా, గ్యాసు తక్కువగా, నాకు ఈ నాలుగింటిలో మిన్న అనిపించింది.

పాతకాలం నాటి మంచి నియమం ఒకటి ఇప్పటికీ చాలా తోటల్లో నడుస్తోంది. బీరు అక్కడే కొనుక్కోవాలి, తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. మా బావమరిది డబ్బా తెరిచి పులిహోర పెట్టాడు. చింతపండు పులుపు, పోపులోని వేరుశెనగ, లేతరంగు లాగర్. ఇవి మూడూ ఎంత బాగా కలిశాయో! మాల్ట్ తీపి కారాన్ని పట్టుకుంటుంది, చేదు నూనెను కడిగేస్తుంది. మన తిండికి హాప్స్ చేదు దట్టించిన ఘాటైన ఐపీఏ రకం బీర్ల కన్నా ఈ ఫ్రాంకోనియా లాగర్లే సరిపోతాయని గట్టిగా చెబుతాను.

రాత్రికి నేను చేప తిన్నాను. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ కార్ప్ చేపల కాలం, మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, అదే. నిలువునా రెండుగా కోసి, పిండి పట్టించి, సగం చేపను తోకతో సహా నెయ్యిలోనో నూనెలోనో వేయిస్తారు. రెక్కల అంచులు కరకరలాడతాయి. మసాలా ఉండదు కాబట్టి మనవాళ్ళు కొందరు చప్పగా ఉందంటారు. నిమ్మకాయ పిండుకుని, పక్కన ముదురు బీరు పెట్టుకుని తినండి.

శనివారం, ఔఫ్‌సెస్

ఔఫ్‌సెస్‌కి రైలు లేదు, బస్సులు తక్కువ. ఇక్కడే మా బావమరిది విలువ తెలిసింది. జర్మనీలో కిలో రక్తంలో అరగ్రాము ఆల్కహాలు ఉన్నా స్టీరింగ్ పట్టుకోవడం చట్టవిరుద్ధం. తాగేవాడు బండి జోలికి పోకూడదు, అంతే. అతను కారు పెట్టి, “నువ్వు తాగు బావా, నేను నడుస్తా” అని నాతోపాటు కాలిబాట పట్టాడు.

ఔఫ్‌సెస్ పంచాయతీలో జనం పదిహేను వందలకు లోపే. బ్రూవరీలు నాలుగు! తలసరి బ్రూవరీల్లో ప్రపంచ రికార్డుగా 2000లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. నాలుగింటినీ కలుపుతూ సుమారు 14 కిలోమీటర్ల దారి ఉంది. పొలాలు, బీచ్ అడవి, సున్నపురాళ్ళ గుట్టలు, మళ్ళీ పొలాలు. ప్రతి బ్రూవరీలో కార్డు మీద ముద్ర వేయించుకుంటే చివర్లో ఒక ధ్రువపత్రం ఇస్తారు.

ఔఫ్‌సెస్‌లోని రోటెన్‌బాఖ్ నుంచి బయల్దేరి, జాక్సెన్‌డోర్ఫ్‌లో ష్టాటెర్, హోఖ్‌ష్టాల్‌లో రైఖోల్డ్, హెకెన్‌హోఫ్‌లో కాతిబ్రోయ్. ఈ వైపు ముదురు లాగర్‌దే రాజ్యం, ఊరూరికీ ఒక్కో ఛాయ. రైఖోల్డ్‌ది నాకు అన్నిటికన్నా గుండ్రంగా తోచింది: మాడిన రొట్టె అంచు రుచి, తర్వాత కోకో ఛాయ, నాలుక మీద పట్టులాంటి మెత్తదనం. ష్టాటెర్‌ది మరింత మోటుగా, పొడిగా ఉంటుంది. పొలం పని చేసొచ్చి తాగేవాళ్ళ కోసం కాసిన బీరని గుక్కలోనే తెలుస్తుంది. కాతిబ్రోయ్ తోట నిండా మోటారుసైకిళ్ళు, తోలుకోట్లు. అక్కడ ఒక్కటే బీరు, ముదురుది. దాంతో పాటు పెద్ద పెద్ద కేకు ముక్కలు. ముదురు బీరు, కేకు కలిపి తినడం మనకు వింతే గానీ మాల్ట్ తీపికీ వెన్న తీపికీ మధ్య వచ్చే చేదు రెండింటినీ సరిగ్గా విడదీస్తుంది.

నాలుగు చోట్లా పూర్తి గ్లాసు తాగాల్సిన పనిలేదు. చిన్న గ్లాసు అడిగితే ఇస్తారు. నీళ్ళు మరవకండి.

ఇంత చిన్న ఊళ్ళలో ఇవి ఎలా నిలిచాయని దారంతా మాట్లాడుకున్నాం. బ్రూవరీ ఒక్కటే వ్యాపారమైతే నిలవదు. అదే కుటుంబానికి భోజనశాల ఉంటుంది, పైన అద్దెగదులు ఉంటాయి, చాలాచోట్ల పొలమూ ఉంటుంది. పన్ను కూడా ఒక కారణం. ఏడాదికి 2 కోట్ల లీటర్ల లోపు కాసేవాళ్ళకు జర్మనీలో బీరు పన్ను తక్కువ, ఎంత చిన్నదైతే అంత తక్కువ. ఇన్ని ఉన్నా వారసులు ముందుకు రాక మూతపడుతున్న పల్లె బ్రూవరీలు ఫ్రాంకోనియాలో ఏటా ఉంటున్నాయి. ఎప్పుడో వెళ్దాంలే అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: ఈ ఏడాదే వెళ్ళండి.

ఔఫ్‌సెస్ కోట పక్కనుంచే దారి ముగుస్తుంది. 1852లో న్యూరెంబర్గ్‌లో జర్మన్ జాతీయ మ్యూజియాన్ని స్థాపించిన హాన్స్ ఫోన్ ఔఫ్‌సెస్ ఈ ఇంటివాడే.

ఆదివారం, విండిష్‌ఎషెన్‌బాఖ్

చివరి రోజు ఫ్రాంకోనియా దాటి తూర్పుకు, చెక్ సరిహద్దు వైపు ఒబెర్‌ప్ఫాల్త్స్‌కి వెళ్ళాం. భూమి పొరల పరిశోధన కోసం 9,101 మీటర్ల లోతుకు తవ్విన బోరుబావి ఈ ఊరిదే. నేను వచ్చింది మాత్రం త్సోయ్‌గల్ అనే ఇంటి బీరు కోసం.

ఈ ఊళ్ళో, నది అవతలి నోయ్‌హౌస్‌లో, ఇంకో మూడు ఊళ్ళలో వందల ఏళ్ళుగా ఉమ్మడి బ్రూవరీలు నడుస్తున్నాయి. బీరు కాసే హక్కు ఇంటికి ఉంటుంది, ఆ ఇంటితోపాటే తరాలు మారుతుంది. హక్కున్న కుటుంబం తన వంతు రోజున ఊరి ఉమ్మడి బట్టీకి మాల్ట్ మోసుకొచ్చి, కట్టెల మంట మీద పెద్ద గంగాళంలో కాస్తుంది. వాడుకున్నందుకు గంగాళం రుసుము కడుతుంది. కాగిన రసం వెడల్పాటి లోతు తక్కువ తొట్టిలో రాత్రంతా చల్లారుతుంది. పొద్దున దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఈస్ట్ కలిపి, సొంత నేలమాళిగలో మాగబెడతారు. అంటే బట్టీ ఒకటే అయినా ఏ ఇంటి బీరు ఆ ఇంటిదే. 2018లో ఈ సంప్రదాయాన్ని జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

బీరు సిద్ధమైన ఇల్లు గుమ్మం మీద ఆరుకోణాల నక్షత్రం వేలాడదీస్తుంది. ఒక త్రిభుజం నిప్పు, నీరు, గాలికి గుర్తనీ, ఇంకోటి నీరు, మాల్ట్, హాప్స్‌కు గుర్తనీ చెబుతారు. ఆ నక్షత్రం చూసుకుంటూ వీధి వెంట వెళ్ళాం. లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఒక ముసలి జంట జరిగి చోటిచ్చింది. ఇక్కడ విడి బల్ల అడిగేవాళ్ళెవరూ లేరు. గ్లాసు పెట్టిన అట్ట మీద ఒక్కో బీరుకి ఒక్కో పెన్సిల్ గీత గీస్తారు, లేచేటప్పుడు గీతలు లెక్కపెట్టి డబ్బిస్తాం.

మేం తాగిన బీరు ముదురు బంగారురంగులో, మసకగా ఉంది. గ్యాసు చాలా తక్కువ. గింజ రుచి, కొంచెం పచ్చి ఈస్ట్ వాసన, కింద సన్నటి చేదు. పోటీలో పెడితే మార్కులు తగ్గించేవాళ్ళు ఉంటారేమో. ఒక కుటుంబం తన నేలమాళిగలో మాగబెట్టి, తన గదిలో నాకు పోసిన బీరు అది. నాకు ఇంకొకటి అడగాలనిపించింది, అడిగాను.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని ఎక్కడివాళ్ళని అడిగింది. హైదరాబాద్ అన్నాం. మీ ఊళ్ళో ఇంట్లో బీరు కాస్తారా అంది. ఇంట్లో కాయరు గానీ చెట్టు నుంచి దించుతారని మా బావమరిది చెప్పి, తాటిచెట్టు బొమ్మ అట్ట వెనక గీసి చూపించాడు. ఆవిడ ఆ అట్టను బల్లంతా తిప్పింది.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. సీసాల్లో త్సోయ్‌గల్ పేరుతో దుకాణాల్లో దొరికేవి పెద్ద కంపెనీలవి, ఉమ్మడి బట్టీకీ వాటికీ సంబంధం లేదు. ఇళ్ళు వంతులవారీగా, ఎక్కువగా శుక్రవారం నుంచి సోమవారం దాకా తెరుస్తాయి కాబట్టి ఏ వారం ఎవరి వంతో క్యాలెండర్‌లో చూసుకుని బయల్దేరండి. నగదు దగ్గర ఉంచుకోండి, చాలా ఇళ్ళలో కార్డు పనిచేయదు. వైడెన్ మీదుగా రైలుంది, స్టేషన్ నుంచి నడిచే దూరమే.